కొబ్బరి మీగడ కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఆదివారం మా మనవరాలు సిరికి ఆరేళ్లు నిండుతాయి. ఇంతవరకు తన పుట్టినరోజు కేకు తను తినలేదు. పాలు పడవు. చెంచాడు పెరుగు తగిలినా పెదవులు వాచి ఊపిరాడదు. ఎవరింట వేడుకకు వెళ్లినా అరటిపండు పట్టుకుని కూర్చుంటుంది. మా ఇంటి వేడుకకు ఎవరినీ పిలవనివ్వనిది మాత్రం నేనే. ఊళ్లో దొరగా బతికిన మా తాతగారి గడికి వచ్చినవాళ్లెవరూ మజ్జిగ తాగకుండా వెళ్లింది లేదు. ఆ ఇంటి పిల్లకు పాలు పడవని నలుగురికీ చెప్పడానికి మనసొప్పలేదు.

ఈసారి కోడలు కవిత ఇంట్లోనే కేకు చేస్తానంది. సరుకులు నేను తెస్తానన్నాను.

శనివారం పదింటికి హయత్‌నగర్‌లో బస్సెక్కాను. ఒకాయన లేచి సీటిచ్చాడు. అక్కర్లేదని నిలబడే వెళ్లాను. ఎల్బీనగర్‌లో మెట్రోకు మారి, పదకొండుకు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. కేకు సామాన్లు అమ్మే దుకాణంలో సోయా పాలు తీసుకున్నాను. పైపూతకు పాలు లేని క్రీము అడిగాను.

"ఎవరికి సార్?" అన్నాడు దుకాణదారు.

"ఇంట్లోకి," అన్నాను.

నాన్‌డెయిరీ అని రాసున్న డబ్బా ఇచ్చాడు.

తిరుగు రైల్లో పక్కన కూర్చున్నావిడ ఒళ్లో కేకు పెట్టె ఉంది. ఇంట్లోనే చేసి అమ్ముతుందట. మాట గుంటూరు వైపుది. నా సంచీలోకి తొంగి చూసి, "ఈ క్రీము పాలు పడనివాళ్లకైతే కాదు కదండీ?" అంది. డబ్బా వెనక చిన్న అక్షరాలు చూపించింది. నాన్‌డెయిరీ అన్నా అందులో పాల ప్రొటీన్ ఉంది.

రైలు చైతన్యపురి స్టేషన్ దాటింది. విక్టోరియా మెమోరియల్ కూడా దాటాక నోరు విప్పాను. "మా మనవరాలికి. పాలు పడవు."

"అయ్యో బాబాయిగారూ, కొట్లో ఆ ముక్క ముందే చెప్పొద్దూ! కొబ్బరి మీగడ తీసుకోండి. సోయా పాలల్లో నిమ్మరసం పిండితే మజ్జిగలా చిక్కబడతాయి, కేకు మెత్తగా వస్తుంది. వెన్న బదులు నూనె చాలు."

ఎల్బీనగర్‌లో ఆవిడ దిగిపోయింది. నేను అటువైపు రైలెక్కి మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను.

ఈసారి సంగతి చెబితే దుకాణదారు నెత్తి కొట్టుకున్నాడు. "గదేంది సార్! నేను అడిగిన్నా లేదా? మా చెల్లె కొడుకుది గూడ గిదే పరేషాన్." డబ్బా వెనక్కి తీసుకుని చిక్కటి కొబ్బరిపాల డబ్బాలు రెండిచ్చాడు. "రాత్రంత ఫ్రిజ్‌ల పెట్టుండ్రి. పైన గట్టిపడ్డ మీగడ తీసి గిలకొట్టుండ్రి. జర నీళ్లు కలువనియ్యకుండ్రి."

నాలాంటి పని మీద వెళ్లేవారికి నేను చెప్పేదొక్కటే. ముందు పిల్ల సంగతి చెప్పి, తర్వాత సరుకు అడగండి. డబ్బా వెనక్కి తిప్పి చదవండి.

ఒకటిన్నరకు ఎల్బీనగర్‌లో బస్సెక్కాను. ఈసారి సీటిస్తే కూర్చున్నాను. కవితకు ఫోన్ చేసి, "సిరి తరగతి పిల్లలందర్నీ పిలువు," అన్నాను.

"అందర్నా మామయ్యా? వాళ్లకు వేరే కేకు తేవాల్నా?"

"వద్దు. అందరికీ సిరి కేకే."

వెనక నుంచి సిరి ఫోన్ లాక్కుని పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. హయత్‌నగర్‌లో బస్సు దిగేటప్పటికి కూడా ఇంకా చెబుతూనే ఉంది.