తడిమన్ను రంగు

ఆంజినమ్మ గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో కాపురం పెట్టిన నాటినుంచి గోడలది ఒకటే పసుపు. అప్పుడప్పుడు మనుషులు వచ్చేవాళ్ళు, సామాన్లు బయట పెట్టమనేవాళ్ళు, అదే పసుపు కొట్టి పోయేవాళ్ళు. ఏ రంగు కావాలని ఆమెను ఎవరూ అడగలేదు. భర్త ఓబుళేసు పాయింట్స్‌మన్‌గా రిటైరయ్యాక, రెండువేల మూడు ఎండాకాలంలో, ఊరి చివర సొంత ఇల్లు లేచింది. ఆంజినమ్మ కోరింది ఒకటే.

"నడిమింట్లో మా అమ్మ గోడల రంగు కావల్ల."

ఆ గోడలు గోరంట్ల దగ్గర పల్లెలో ఉండేవి. అమ్మ పోయాక తమ్ముళ్ళు ఆ మట్టిల్లు పడగొట్టి సిమెంటు ఇల్లు కట్టుకున్నారు. ఫోటో లేదు. ఆ రంగుకు పేరేమిటో ఆమెకు తెలియదు.

రంగుల అంగట్లో ఓబుళేసు షేడు కార్డు విప్పి ఒక్కొక్కదాని మీద వేలు పెట్టాడు.

"ఇది బిస్కెట్టు రంగంట. ఇదేనా?"

"కాదు."

"ఇది చందనం."

"అది దేవునికి పూసేది. కాదప్పా."

"పాలెక్కువైన టీ మాదిరి ఉండాది, ఇదన్నా?"

"మా అమ్మ గోడను టీ అంటావేమి?"

మరునాడు ఆమె బస్సెక్కి పుట్టింటికి పోయింది. అమ్మ గోడలకు మన్ను తవ్వుకొచ్చే ఎండిన కుంట గట్టునుంచి ఒక మట్టిపెడ్డ తవ్వి, కొంగున కట్టుకొని వచ్చింది. రంగులు వేసే సుంకప్ప దాన్ని ఎదురుగా పెట్టుకొని, తెల్ల డిస్టెంపరులో పసుపు, ఎరుపు చుక్కలు కలిపి, గోడమీద ఒక పట్టీ వేశాడు. ఆరాక పెడ్డను ఆనించి చూపించాడు.

"చూడక్కా, తేడా ఉండాదా?"

తేడా లేదు. ఆంజినమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"మన్ను ఇదే. రంగు ఇది కాదు."

"అదెట్లక్కా? నువ్వు తెచ్చిన మన్నే కదా! ఇంగ నేను యాడికి పోయి తెచ్చేది?"

"క్వార్టర్సులో ఏం కొట్టినా నోరు మెదపలే," అన్నాడు ఓబుళేసు. "అదంతా ఇప్పుడు నీ మీద తీర్చుకుంటాంది సుంకప్పా."

ఆమె పెడ్డను తీసుకొని తిప్పి చూసి, కింద పెట్టి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళ బకెట్లో ముంచింది. వేళ్ళకంటిన మన్ను తడిసింది. అక్కడే కూర్చుండిపోయింది.

"ఇదే," అంది.

ఉగాదికి ముందు అమ్మ పొద్దున్నే గోడలు అలకడం మొదలుపెట్టేది. మేకల్ని తోలుకొని ఈమె మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి ఇల్లంతా పచ్చి పచ్చిగా, పండిన వేరుశనక్కాయ పెంకు తడిస్తే ఉండే రంగులో ఉండేది. ఆ ఎండకు సాయంత్రానికే పాలిపోయేది. మిగతా ఏడాదంతా ఆ గోడలు ఏ రంగులో ఉండేవో ఆంజినమ్మకు గుర్తే లేదు.

"అంటే నీళ్ళ రంగు అడుగుతాండావు," అన్నాడు ఓబుళేసు. "ఈ కరువు సీమలో!"

సుంకప్ప పెడ్డను తడిపి పెట్టుకొని మళ్ళీ కలిపాడు. అతను కలిపేలోపే పెడ్డ ఆరిపోయేది. "నీళ్ళు చల్లక్కా, తెల్లబడతాంది!" అని అరిచేవాడు. ఆమె పక్కన కూర్చుని చల్లుతూనే ఉంది. గోడమీది డిస్టెంపరుదీ అదే తంతు. వేసినప్పుడు ముదురుగా ఉండి, ఆరాక తేలిపోయేది. గోడ ఆరాలి, మన్ను తడిగా ఉండాలి, అప్పుడు రెండూ కలవాలి. పట్టీ మీద పట్టీ వేసి, చివరికి ఒకటి కలిపాడు. నాలుగు గోడలకూ అదే కొట్టాడు.

ఆరిన రోజు ఆంజినమ్మ నడిమింట్లో నిలబడింది. చాలాసేపు చూసింది. దగ్గరికి పోయి అరచేయి ఆనించింది. పడమటి గోడ, ఎండకు కాగి ఉంది.

"ఏమే, సరిపోలేదా మళ్ళీ?"

"సరిపోయింది." చేయి తీయలేదు. "ఆ పొద్దు సల్లగా ఉండేది. మేము చెంపలు ఆనించేటోళ్ళం. అమ్మ తిట్టేది, అచ్చులు పడతాయని."

సుంకప్ప బ్రష్షు చేతికి తీసుకున్నాడు.

"గోడల అడుగున పట్టీకి ఏ రంగేద్దామక్కా?"

"క్వార్టర్సు పసుపు వేస్తే పోలే?" అన్నాడు ఓబుళేసు మెల్లగా.

"ఎర్రమన్ను జాజు రంగు. అలికేది అమ్మ, జాజు పట్టీ నాది." ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకొని నేలమీద కూర్చుంది. "ఆ బ్రష్షు ఇట్లియ్యి."

"వంకర పోతాదక్కా!"

"పోనీ."

ఆమె గోడవారనే జరుగుతూ పట్టీ వేస్తూ పోయింది. ఓబుళేసు రంగు డబ్బాను ఆమె పక్కకు జరుపుతూ వెంట నడిచాడు.