చేతులుంచిన పన్ను

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు గట్టిగా ఉండేవి. దేవునికి అసాధ్యమైనది లేదని ఒకటి, వేల ఏళ్ల నాటి ఎముకలోంచి నేను డి.ఎన్.ఎ. తీయగలనని ఇంకొకటి. మొదటిది ఇప్పటికీ అట్లాగే ఉంది. రెండోదానికే వయసుతోపాటు కాస్త వినయం అబ్బింది.

తొంభైల మొదట్లో హైదరాబాదులో ఒక ల్యాబులో కొత్తగా చేరాను. ఎప్పుడో చనిపోయిన పశువుల ఎముకల్లో మిగిలిన డి.ఎన్.ఎ.ను చదివి, ఆ జాతి ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలని నా ఆశ. ఎన్ని ఎముకలు అరగదీసినా ఒక్కటీ పలకలేదు. మా సారు ఓపిక అయిపోయి, "ఇంకొక్కటి చూడు. అదీ కాకపోతే చేపల మీద పని చేద్దువుగాని. బతికున్న చేపలు" అన్నారు. (చేపలంటే నాకు కూరలో తప్ప ప్రీతి లేదు.) సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డిలో మా బాపు బావి తవ్విస్తుంటే, బాగా లోతున ఒక ఎద్దు దవడ బయటపడింది. "మా బిడ్డ బొక్కల చదువు చదువుతది, ఎవ్వరు ముట్టొద్దు" అని బాపు దాన్ని మట్టితో సహా కొత్త తువ్వాలలో చుట్టి దాచాడు. నేను వెళ్లి జాగ్రత్తగా ఒక పన్ను ఊడదీసి కవరులో పెట్టుకున్నాను. ఆదివారం ఆరాధన కాగానే కామారెడ్డి బస్సెక్కి, అక్కడ రైలు పట్టుకోవాలని నా ఆలోచన.

అమ్మ ఊరుకుంటుందా? మా చర్చి సంఘంలో కొత్త మోటారైనా, పరీక్ష హాల్ టికెట్టైనా చేతులుంచి ప్రార్థన చేయకుండా గడప దాటదు. "అయ్యగారూ, బిడ్డ నౌకరి గీ పన్ను మీదనే ఉన్నది" అంటూ కవరు విప్పి పాస్టరుగారి ముందు బల్ల మీద పెట్టేసింది. వెనక నుంచి పెదనాన్న, "కోతి నుంచి మనిషి వచ్చిండనే చదువేనా ఇది?" అని గొంతు సవరించాడు. అయ్యగారు నవ్వి, "దేవుడు చేసిన పనినే చదువుతున్నది, చదువనియ్యి" అన్నారు. ఇక అందరూ బల్ల చుట్టూ మూగారు. ఆమెన్ తాత (ఎవరు ప్రార్థన చేసినా అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది ఆయనే) పన్నును అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"అబ్బ, ఏం పన్ను బిడ్డా! నాకు గిసొంటిది ఒక్కటున్నా మక్కకంకి తిందును."

"తాతా, ముట్టొద్దు..."

"ముట్టకుంటే ప్రార్థన ఎట్ల ఎక్కుతది?"

అభిషేక తైలం కూడా అంటింది. చివరికి నేనూ చెయ్యి పెట్టాను, భక్తికొద్దీ కాస్త గట్టిగానే.

ఫలితం వచ్చిన రోజు సారు కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "ఎద్దు పన్నులోంచి మనిషి వచ్చాడమ్మా. అదీ ఒక్కడు కాదు. ఎవరెవరు ముట్టుకున్నారు?"

"సంఘమంతా, సార్."

"దవడలో ఇంకో పన్నుందా? ఈసారి దానికి గాలి కూడా తగలకూడదు. తగిలిందా, చేపలే!"

పన్ను తీసి గాజుసీసాలో బిగించడం సులువే. అమ్మకు చెప్పడమే కష్టమైంది. "అంటే మా ప్రార్థనే చెడగొట్టిందా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అయ్యగారే ఆదుకున్నారు. "బైబిల్ల దూరాన ఉన్న దాసుడు, ప్రభువు ముట్టకుండనే, మాటతోనే బాగుపడలేదా? అందరు చేతులు వెనకకు కట్టుకోండి" అన్నారు. బల్ల మీద సీసా, దానికి ఆమడ దూరంలో చేతులు వెనక్కి పెట్టుకుని, నేరం చేసి దొరికిపోయినట్టు సంఘం. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్న తాత ఆమెన్ అంటే, కుండలోంచి వచ్చినట్టు వినిపించింది.

ఈసారి ఏమీ రాలేదు. ఎద్దూ లేదు, మనిషీ లేడు. నేను చేపలకు సిద్ధపడి నిలబడితే సారు మొదటిసారి నవ్వారు. "శుభ్రమైన ఖాళీ! పాతది దొరకడం మన చేతిలో లేదు. మనది కలవకుండా చూడటమే మన పని. అది నీకు వచ్చింది. ఎముకలతోనే ఉండు."

ఇంటికి వెళ్లగానే అమ్మ ఎదురొచ్చింది. "ఏమొచ్చింది బిడ్డా?"

"ఏం రాలేదమ్మా."

"మరి నౌకరి?"

"ఉన్నది."

"ఏం రాకున్నా నౌకరి ఉంటదా? గిదేం చదువో! దేవునికి స్తోత్రం."

తర్వాత చాలా ఎముకలు పలికాయి. ఇప్పుడు నా ల్యాబులో తల నుంచి కాళ్ల దాకా ముసుగులే. కొత్త ఎముక విప్పే ముందు నేను చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుంటాను. అదేదో నియమమనుకుని నా విద్యార్థులందరూ అలాగే నిలబడతారు. మొన్న ఒక కొత్తమ్మాయి, "ఇదెందుకు మేడమ్?" అని అడిగింది. "మనది దానికి అంటకుండా" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆమెన్ మాత్రం మాస్కు లోపలే అనుకుంటాను. అది అచ్చం తాత తువ్వాలలోంచి వచ్చినట్టే వినిపిస్తుంది.