బాబాయి డెస్క్‌టాప్, రెండు కుర్చీలు

మా బాబాయి లెక్కలో మనుషులు రెండే రకాలు: కంప్యూటర్ని బల్ల మీద పెట్టుకునేవాళ్లు, ఒళ్లో పెట్టుకునేవాళ్లు. రెండో రకానికి చచ్చినా పిల్లనివ్వనంటాడు. ఆయనకి పిల్లల్లేరు, అది వేరే సంగతి.

ఓసారి పన్ను నొప్పితో దవడ పట్టుకుని వెళ్లి, డాక్టరు ముందు లాప్‌టాప్ చూసి, అదే దవడతో తిరిగొచ్చాడు. "మడిచి సంచీలో పడేసేదాన్ని నమ్ముకున్నవాడు నా పన్నుని ఏం చేస్తాడో" అన్నాడు.

ఆయన డెస్క్‌టాప్ వీధి గదిలో, కిటికీ పక్కన ఉంటుంది. లోపలి ఫ్యాను ఎత్తు ఎక్కుతున్న లారీలా మూలుగుతుంది. ముందు రెండు కుర్చీలు.

"రెండెందుకు బాబాయ్?"

"ఒకటి నాది. ఒకటి నాది కాదు."

మొన్న బుధవారం ఆ లారీ ఆగిపోయింది. పిన్ని సంబరంగా ఫోన్ చేసింది. నేను కొత్త లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను.

"ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు బాబాయ్."

"నేనెక్కడికి వెళ్తాన్రా?"

"మంచం మీద కూర్చుని చూసుకోవచ్చు."

"మంచం మీద పడుకుంటారు."

"కరెంటు పోయినా పనిచేస్తుంది."

"కరెంటు పోతే నేనే పనిచెయ్యను. దానికేం తొందర?"

డెస్క్‌టాప్ పెట్టెని దుప్పట్లో చుట్టి, పసిపిల్లలా ఎత్తుకుని బయల్దేరాడు. మూడు షాపులవాళ్లు పెదవి విరిచారు. నాలుగో షాపులో బైఠాయించి, "సోమవారంలోగా ఇది లేవాలి" అని ఒకటే పాట. సోమవారం ఏముందంటే చెప్పడు. ఆ పోరు పడలేక మెకానిక్కు పాత సామాను వెతికి, శుక్రవారానికి లేపి కూర్చోబెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. అక్కడే వదిలేసొచ్చిన నా లాప్‌టాప్ నేను తెచ్చుకుందామని శనివారం పొద్దున్నే వెళ్లాను. ఆయనది కాని కుర్చీలో, పై వాటాలో కుట్టుపని చేసే ఆవిడ టకటకా టైపు చేస్తోంది. బాబాయి పక్కన కూర్చుని వాచీ చూస్తున్నాడు.

"సోమవారం టైపింగ్ పరీక్ష. నెగ్గితే ఆఫీసులో ఉద్యోగం. ఆర్నెల్లుగా ఇక్కడే నేర్చుకుంటోంది" అంది పిన్ని.

నేను బాబాయి చెవిలో అన్నాను. "ఆ లాప్‌టాప్ ఇస్తే సరిపోయేదిగా."

"ఒకరి ఒళ్లో ఉన్నదాన్ని ఇమ్మని ఎలా అడుగుతుందిరా, మొహమాటం ఉండదూ? బల్ల మీదుంటే వచ్చి కూర్చుంటుంది. అంతే."

లాప్‌టాప్ కోసం వెతికాను. ఎక్కడా లేదు.

"మీ బాబాయి దిండు కింద చూడు. రెండ్రోజులుగా మంచం మీద అందులో చదరంగం ఆడుతూ, పిలిచినా అన్నానికి లేవట్లేదు" అంది పిన్ని.

బాబాయి వాచీ మీంచి చూపు తిప్పలేదు.

"అదెంత పనికిరానిదో చూస్తున్నాను. ఇంకో నెల పడుతుంది" అన్నాడు.