దొరగారి గోళ్ళ దీక్ష

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించేవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను వాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివాను. నా కుందేలుకు నాలుగు కాళ్ళూ ఉన్నాయని బుద్ధిగా ఒప్పుకుని, ఆ కాళ్ళకున్న గోళ్ళ దగ్గర కొంప ముంచాను. నవ్వితే నవ్వండి. పైన దేవుడే నవ్వి ఉంటాడు, ఇక మీదేముంది!

అప్పుడు నేను విడవలూరులో కొత్త కోడలిని, కడుపుతో ఉన్నాను. నాకు కాలక్షేపంగా ఉంటుందని మావారు నెల్లూరు నుంచి రెండు తెల్ల కుందేళ్ళను తెచ్చారు. ఒకటి లావుగా, కదలకుండా, రోజంతా తోటకూర నములుతూ కూర్చునేది. దానికి దొరసాని అని పేరు పెట్టాను. రెండోది సన్నగా, ఇల్లంతా పెత్తనం చేస్తూ తిరిగేది. పెత్తనం చేసేది మగవాడే గదా అని దాన్ని దొరను చేశాను. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే పంచాంగం, పురాణం చదివించారు. వాటిల్లో కుందేళ్ళ కాపురం గురించి రాసి లేదు, నా తప్పేముంది?

నెల తిరక్కముందే దొరసాని పొట్ట దిండులా ఉబ్బింది. నాకు తోడు కడుపు దొరికిందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఈలోగా ఇద్దరికీ గోళ్ళు పెరిగాయి. ముందు దొరసానికి తీశాను. ఈ పనిలో మాత్రం నేను పండితురాలినే, నమ్మండి. చంటిబిడ్డను చుట్టినట్టు తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, పాదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే గోరు లోపల ఎర్రటి నెత్తుటి జీర కనబడుతుంది. దాని జోలికి పోకుండా తెల్లటి కొసను మాత్రం చిన్న కత్తెరతో తుంచాలి. ఒక్క చుక్క రక్తం రాలేదు.

దొర వంతు వచ్చేసరికి నాకు ధర్మసందేహం పట్టుకుంది. భార్య కడుపుతో ఉంటే భర్త క్షవరం చేయించుకోకూడదు, గోళ్ళు తీయకూడదు. ఇది మా అత్తగారి శాసనం. దాని పుణ్యమా అని మావారు అప్పటికే హిమాలయాల్లో దారి తప్పి వచ్చిన మునిలా ఉన్నారు. మనుషుల మొగుడికొక న్యాయం, కుందేలు మొగుడికొక న్యాయమా? కత్తెర దాచేశాను.

దొర గోళ్ళు కొడవళ్ళయ్యాయి. ఒకనాడు అత్తగారు నా సీమంతానికి కట్టుకుందామని వెంకటగిరి చీరను తీసి వసారాలో పరిచారు. దొర దాని మీదుగా పరుగెత్తాడు. గోళ్ళకు జరీ చిక్కుకుంది. వాడు ఆగలేదు. జరీ వాడి వెంటే పోయింది.

"నా చీర! ఏమ్మే అమ్మణ్ణీ, దానికి గోళ్ళు తీయమని చెప్పినానా లేదా?"

"తీయకూడదు గదా అత్తయ్యా. అతని భార్య కడుపుతో ఉంది."

"ఎవురి భార్య?"

"దొర భార్య. మీరే గదా చెప్పినారు, ఈయన గడ్డం..."

"అది మనుషులకు మే!"

"ప్రాణం ఎవరిదైనా ప్రాణమే గదా అత్తయ్యా."

అత్తగారు ఒక్క క్షణం తడబడ్డారు. శాస్త్రం ఆవిడదే మరి. కానీ చీర కూడా ఆవిడదే. చీరే గెలిచింది.

"అయితే గోళ్ళతోనే పోనీ. రేపు పొద్దున పోలమ్మ గంపలో వేసి పంపిస్తా!"

పోలమ్మ మైపాడు నుంచి చేపలు తెచ్చి అమ్మేది. వచ్చినప్పుడల్లా దొర వీపు తడిమి, "మిరియాలేసి వండితే ఎట్టుంటాదో!" అని నిట్టూర్చేది.

నాకు అన్నం సహించలేదు. గోళ్ళు తీస్తే దొరసాని బిడ్డలకు కీడు, తీయకపోతే దొరకు మిరియాలు. సాయంత్రం కడసారి చూసుకుందామని వెళితే, దొర తన రొమ్ము మీది బొచ్చు పీకి, ఇద్దరూ పడుకునే పెట్టెలో మెత్తగా పరుస్తున్నాడు. నాకు కన్నీళ్ళాగలేదు. మావారిని పిలిచి చూపించాను.

"చూడండి, భార్య పురిటికి సొంత బొచ్చుతో పరుపు వేస్తున్నాడు. మీరేమో గడ్డం దురదని రోజూ సణుగుతారు."

"నన్ను కూడా పీక్కోమంటావా ఏంది?" అన్నారాయన.

తెల్లారింది. పోలమ్మ వచ్చి గంప దించింది. శాస్త్రం కంటే ప్రాణం పెద్దదని తేల్చుకుని, దేవుడికి క్షమాపణ చెప్పుకుని, కత్తెరా తువ్వాలూ పట్టుకుని పెట్టె మూత తీశాను. బొచ్చు పరుపులో బొటనవేలంతేసి ఎర్రటి పిల్లలు కదులుతున్నాయి. వాటి మీద నిలబడి పాలిస్తున్నది... దొర! దొరసాని ఓ మూల నిమ్మళంగా తోటకూర నములుతోంది.

"ఓరి దేముడా! మొగుడు నీళ్ళాడినాడు!" అని అరిచారు అత్తగారు.

పోలమ్మ నవ్వలేక గంప పక్కన కూలబడింది. "బాలింతకు సొరపిట్టు పెట్టండమ్మా, పాలు బాగా పడతాయి. గంపలో సొరచేప ఉండాది."

"మరి దొరను పంపించేస్తారా అత్తయ్యా?" అన్నాను.

"బాలింతను గడప దాటిస్తానా? పాపం చుట్టుకోదూ!"

ఆ శాస్త్రానికి నేను మనసులోనే సాష్టాంగపడ్డాను. లేచేలోపే అత్తగారికి ఇంకొకటి తట్టింది.

"ఉండు, అయితే నువ్వు గోళ్ళు తీసింది ఎవురికి?"

"...మొగుడికే, అత్తయ్యా."

గడ్డంలోంచి మావారి ముఖం వెలిగింది. "అమ్మా! మొగుడికి గోళ్ళు తీసినా బిడ్డలు బాగానే పుట్టినారు గదా. నేనింక గడ్డం గీయించుకుంటా."

అత్తగారు పెట్టెలోకి వంగి చూశారు. "బాగా పుట్టినారా? ఒక్కదానికన్నా వెంట్రుక ఉందేమో చూడరా! నా మనవడు కూడా అట్టా బోడిగా పుట్టాల్నా?"

కుందేలు పిల్లలు అలాగే పుడతాయని మాకెవరికీ తెలియదు. మావారు గడ్డం నిమురుకున్నారు. తర్వాత మా అబ్బాయి ఒత్తయిన జుట్టుతో పుట్టేసరికి అత్తగారి మాట శిలాశాసనమైపోయింది.

నేను మాత్రం ఆ పూటే దీపం ముందు ప్రమాణం చేశాను: ఎవరి గోళ్ళ జోలికి పోవాలన్నా, ముందు తిరగేసి చూసి, మొగుడో పెళ్ళామో రూఢి చేసుకోనిదే కత్తెర ముట్టను. దేవుడి దయవల్ల ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు. మావారికి మాత్రం మినహాయింపు ఇచ్చాను. ఆయనకు గడ్డమే సాక్షి.