ఒక్క ‘యెస్ సార్’ మీద అప్పీలు

1999లో నన్ను పలాస, టెక్కలి ప్రాంతానికి వెల్ఫేర్ ఆర్గనైజర్‌గా వేశారు. మాజీ సైనికుల పింఛన్ల చిక్కులు విప్పడం ఆ ఉద్యోగం. నేనూ సుబేదారుగా రిటైరైనవాణ్ణే కనుక వాళ్ల పద్ధతులు నాకు కొత్త కావు.

మందస దగ్గర ఉద్దానం పల్లెలో హవల్దార్ దానియేలు ఉండేవాడు. సర్వీసంతా ఫిరంగుల పక్కనే గడిపి, రెండు చెవులూ పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో కాపలా పనికి కుదిరితే, పిలిస్తే పలకడం లేదని పంపేశారు. ఇక వైకల్య పింఛను వస్తేనే ఇల్లు గడుస్తుంది. మెడికల్ బోర్డేమో ఈ చెవుడు వంశపారంపర్యం, సర్వీసుతో సంబంధం లేదని తేల్చి క్లెయిము కొట్టేసింది.

అది విని వాళ్లమ్మ రూతమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. వెనక వరుసలో ఎవరు శ్రుతి తప్పినా తల తిప్పకుండానే పేరు పెట్టి చెప్పేస్తుంది.

“మా ఇంట సెవుడు ఎవులికీ నేదు బాబూ. ఇదేటి రాత?” అని నన్ను నిలదీసింది.

ఈ వంశం మాట బోర్డుకి ఎవరు చెప్పారు? దానియేలుకు ఎదురుగా కూర్చుని, నా పెదాలు కనబడేలా నెమ్మదిగా అడిగాను. డాక్టరు తల వంచుకుని రాసుకుంటూనే ఏదో అడిగాడట. ఇతనికి వినపడలేదు. మరి ఏమన్నావయ్యా అంటే, “యెస్ సార్ అన్నాను” అన్నాడు. ఆఫీసరును మళ్లీ చెప్పమని అడగడం సైన్యంలో మాకు అలవాటు లేదు. నేనైనా అదే అనేవాణ్ణి. మీ ఇంట్లో ఇంకెవరికైనా చెవుడుందా అని అడిగి ఉంటాడాయన! నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. ఎందుకో తెలియకపోయినా దానియేలూ నవ్వాడు.

అప్పీలు రాశాను. భర్తీనాడు ఆరోగ్యంగా ఉన్నవాడికి సర్వీసులో జబ్బు వస్తే అది సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి. కాదంటే కారణం బోర్డే చూపాలి. ఇక్కడ వాళ్లు చూపిన కారణం ఒక్క ‘యెస్ సార్’.

కొన్ని నెలలకు విశాఖలో అప్పీలు బోర్డు ముందుకు రమ్మన్నారు. రూతమ్మ కూడా మాతో రైలెక్కింది. ఆవిణ్ణి గుమ్మం బయట బల్ల మీద కూర్చోబెట్టి మేం లోపలికి వెళ్లాం. బోర్డు అధ్యక్షుడు ఒక కల్నల్, తెలుగాయనే. వినికిడి చూసే గుసగుస పరీక్షకు ఆయన దానియేలు వీపు వెనక నిలబడి మెల్లగా ఏదో అడిగాడు.

“యెస్ సార్!” అన్నాడు మనవాడు, అటెన్షన్‌లో నిలబడి.

కల్నల్ అడిగింది, “మీ అమ్మక్కూడా చెవుడేనా?” అని.

తెరిచి ఉన్న తలుపు అవతల నుంచి జవాబొచ్చింది. “నాకు సుబ్బరంగా ఇనపడతంది బాబూ. ఆడి సెవులు తినేసినవి మీ పిరంగులే.”

కల్నల్ పగలబడి నవ్వాడు. ఆవిణ్ణి లోపలికి పిలిపించి కుర్చీ వేయించాడు.

చెవుడు సర్వీసు వల్ల వచ్చిందేనని ఉత్తర్వు వచ్చింది. ఆ కబురు నేనే స్వయంగా వెళ్లి చెప్పాను. రూతమ్మ పింఛను ఎంతని అడగలేదు, వంశం ముక్క కొట్టేశారా అని అడిగింది. కొట్టేశారమ్మా అన్నాక గానీ నాకు టీ ఇవ్వలేదు.

ఆ తరవాత బోర్డు ముందుకు పంపిన ప్రతివాడికీ “వినపడలేదు సార్, మళ్లీ చెప్పండి” అనడం ముందుగా నేర్పేవాణ్ణి. అప్పీలు ఒక్క పూటలో రాసేయొచ్చు. సైన్యంలో పనిచేసినవాడి నోట ఆ మాట పలికించడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.