కోర్టుకెక్కిన టైరు

ఓబులేసుకు కోపమెక్కువ. కదిరి పక్క శనక్కాయల లారీ తోలే రోజుల్లోనే ఓనర్ల మొహాన తాళాలు కొట్టిన మనిషి. అలాంటివాడు ఖతార్ వచ్చి, మెసయీద్‌లో కూలీల బస్సు తోలుతూ నోరు మూసుకుని పడున్నాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఏం చేస్తాడు? పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది మరి.

తొంభై ఆరు ఎండాకాలంలో ఆ బస్సు టైరు పేలింది. బస్సు పోయి దీపస్తంభాన్ని గుద్దుకుంది. వెనక సీట్లో ఉన్న కూలీ ఆంజి కాలు విరిగింది. టైర్లు అరిగి గుండులా నున్నగా అయ్యాయి, మార్చండి మహాప్రభో అని ఓబులేసు ఎన్నిసార్లు మొత్తుకున్నాడో! ఫోర్‌మన్ ఫసీయుద్దీన్ చెవిన పెట్టుకుంటేగా?

కేసు ట్రాఫిక్ కోర్టుకెళ్ళింది. ముందురోజు ఫసీయుద్దీన్ క్యాంపుకొచ్చి బుజ్జగించాడు.

"నిద్రవట్టిందని చెప్పు భై. తప్పు బండిదంటే కంపెనీ మీదికొస్తది. నీదంటే కొన్నాళ్ళు జైల్ల ఉంటవ్, అంతే. తర్వాత మేమే తీసుకొస్తం."

"నిద్రపోయి ఆంజిగాని కాలు ఇరగ్గొట్నానని నా నోటితో నేనే చెప్పాల్నా?"

"చెప్పకుంటే నౌకరీ మాఫీ, ఇగ ఉండదు."

ఓబులేసుకు అరికాలి మంట నెత్తికెక్కింది. వర్క్‌షాపు వెనక పడేసిన ఆ పేలిన టైరును ఈడ్చుకొచ్చి, కోర్టుకు వెళ్ళబోయే పికప్‌లో టార్పాలిన్ కింద దాచాడు.

మర్నాడు కోర్టు ముందు దాన్ని దింపితే ఫసీయుద్దీన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తలుపు దగ్గర పోలీసు అడ్డుకున్నాడు. ఆ గొడవకు జడ్జి తలెత్తి చూసి, లోపలికి తెమ్మన్నాడు.

దుబాసీ బుర్హానుద్దీన్‌ది హైదరాబాదే. జడ్జి అరబ్బీలో అడిగింది తెలుగులో చెప్పాడు. "నిద్రవోయినవా?"

"నేను నిద్రపోలేదు సామీ! సెయ్యి పెట్టి సూడండి, యాడన్నా ఒక గీత తగుల్తాదేమో! ఇట్లాంటి టైర్ల మీద మనుషుల్ని తోల్తారా? గొడ్లనైనా తోల్తారా?"

జడ్జి దిగొచ్చి టైరును అరచేత్తో నిమిరాడు. జరిమానా కంపెనీకి వేసి, ఓబులేసును వదిలేశాడు.

తెల్లారి ఫసీయుద్దీన్ తాళాలు విసిరాడు. "యల్లా, నడువ్, డ్యూటీ!"

ఓబులేసు బస్సు చుట్టూ తిరిగి చూశాడు. పేలిన చోట ఒక్కటే కొత్త టైరు. మిగతావన్నీ అవే నున్నటివి. ఛీ, కోర్టులో గడ్డి పెట్టించుకున్నా ఈ మనుషులకు సిగ్గు రాదా?

తాళాలు ఇసుకలో కొట్టాడు.

"ఇండియాకు పంపిస్త బిడ్డా!"

"పంపిచ్చుపో. నా టికెట్టు కంటే ముందు టైర్లు కొను."

అప్పటికే ఎక్కి కూర్చున్న కూలీలు అన్నం డబ్బాలు చంకన పెట్టుకుని, ఒక్కొక్కరే బస్సు దిగి ఓబులేసు పక్కన నిలబడ్డారు.