మండికల్ ఆవు చెవి బిళ్ళ

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

చిక్కబళ్ళాపురంలో డిగ్రీకి ఇన్సూరెన్సు చదివాను. అదేం చదువురా అని నవ్వినవాళ్ళే ఎక్కువ. చివరి ఏడాది ఒక కంపెనీలో శిక్షణ. ఊళ్ళ వెంట తిరిగి, బీమా చేసిన ఆవుల చెవులకు నంబరు బిళ్ళలు వేయించడం నా పని. ఆవు చచ్చిపోతే బిళ్ళ చెవికే ఉండాలి. లేకపోతే బీమా రాదు.

మండికల్‌లో నరసమ్మ అని ఒకామె. మొగుడు లేడు. ఒక్క ఆవు పాల మీదే ఇల్లు గడిచేది. ఒకరోజు ఫోన్ చేసింది.

"చెవికి చీము పట్టుండాదప్పా. బిళ్ళ ఏం చేద్దును?"

పరీక్షల హడావిడిలో ఉన్నాను. తీసి దేవుడి గూట్లో పెట్టమన్నాను, కొత్తది వేయిస్తానన్నాను. ఆఫీసులో ఒక్క మాట చెబితే సరిపోయేది. మరిచిపోయాను. మరుపు అంత పెద్ద తప్పా? కాదేమో. అసలు తప్పు తర్వాత చేశాను.

ఆవు చచ్చిపోయింది. ఆఫీసరు వెంట నేనూ ఆమె ఆవు పాక దగ్గరికి వెళ్ళాను. నరసమ్మ ఆ బిళ్ళను చేతిలో పట్టుకొచ్చింది. దేవుడి దగ్గర ఉన్నదని దానికి పసుపు, కుంకుమ పెట్టింది పిచ్చితల్లి.

"ఎవరు తీయమన్నారు?" ఆఫీసరు గద్దించాడు.

"ఈయప్పే కదా సామీ తీసి పెట్టుకోమన్నాడు."

ఆయన నావైపు తిరిగాడు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇప్పిస్తానని ఆ పొద్దునే జీపులో అన్న మనిషి.

"నేను చెప్పలేదు సార్."

ఆమె నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పోనీలే సామీ, చదువుకునే పిల్లోడు, ఏమీ అనాకండి. నాకే మతి లేక తీసినాను."

ఆమెకు బీమా రాలేదు. నాకు ఉద్యోగం వచ్చింది. ద్రాక్షతోటల్లో కూలికి పోతోందని తర్వాత విన్నాను. మండికల్ మీదుగా పోయే బస్సు ఎక్కడమే మానేశాను. ఛీ, ఏం బతుకు!

ఇప్పుడు చింతామణి, బాగేపల్లి కాలేజీలవాళ్ళు నన్ను పిలుస్తారు, ఇన్సూరెన్సు చదివితే భవిష్యత్తు ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పమని. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, బెంగళూరు ఆఫీసుల్లో పనికి కొదవ లేదంటాను. అందులో అబద్ధమేమీ లేదు. ఈ చదువులో మొదటి పాఠం, బీమా చేసేవాళ్ళు గానీ చేయించుకునేవాళ్ళు గానీ తెలిసిన నిజం దాచకూడదని. అదీ నేనే చెబుతాను, నోరు తడబడకుండా. మొన్న బాగేపల్లిలో ఒకమ్మాయి లేచి అడిగింది, మీకు మొదటి ఉద్యోగం ఎలా వచ్చింది సార్ అని. కష్టపడి సంపాదించుకున్నానమ్మా అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నరసమ్మ బతికే ఉందట. వెళ్ళి కాళ్ళ మీద పడతానా? నా మీద నాకే నమ్మకం లేదు. ఆ రోజు ఆ పాక ముందు అనాల్సిన మాట ఇక్కడైనా అంటాను.

బిళ్ళ తీయమన్నది నేనే సార్.